ఒంగోలు గిత్త కండలో ఏముంది?

ఆదివారం పొద్దున విశాఖలో ఏ మటన్ కొట్టు ముందు నిలబడినా ఒకటే మాట: ‘‘అన్నా, లేతది చూసి కొట్టు.’’ తెచ్చింది ముదురని తేలితే, ఇంట్లో పచ్చిబొప్పాయి నూరి ముక్కలకు పట్టిస్తారు. బొప్పాయి పాలలోని పపైన్ కండలోని ప్రొటీన్లను తెంచేస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పశువు ఒంట్లోనే ఒకటి ఉంది. పేరు కాల్పైన్. దానికి కళ్లెం వేసే ప్రొటీన్ కాల్పాస్టాటిన్.

పశువును కోశాక కండకణాల్లోకి కాల్షియం ఊరుతుంది. దాంతో కాల్పైన్ చురుకెక్కి, పోగులను పట్టి ఉంచే డెస్మిన్, టైటిన్ వంటి ప్రొటీన్లను కొరికేస్తుంది. విదేశాల్లో గొడ్డుమాంసాన్ని చలిగదిలో రోజుల తరబడి ఉంచేది ఇందుకే. అయితే మూపురం ఉన్న జాతుల్లో కాల్పాస్టాటిన్ జోరు ఎక్కువ. మాంసం అంత తొందరగా మెత్తబడదు.

మూపురమున్న ఒంగోలు గిత్త కథలోకి వచ్చేది ఇక్కడే. విశాఖ రేవు 1933లో మొదలవడానికి 65 ఏళ్ల ముందు, 1868లో, ఇంగ్లండ్ వెళ్తున్న ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో ఆగితే అందులోని ఒంగోలు జంట అక్కడే అమ్ముడుపోయిందని చెబుతారు. నెల్లూరు పేరుతో అక్కడ ‘నెలోరె’గా స్థిరపడిన ఈ జాతే ఇప్పుడు బ్రెజిల్ మాంసం పరిశ్రమకు వెన్నెముక. 1960ల తొలినాళ్లలో వెళ్లిన ఒక గిత్త పేరు కరవది. అది ఒంగోలు పక్క ఊరి పేరే.

కాల్పైన్ జన్యువు పశువుల 29వ క్రోమోజోమ్ మీద, కాల్పాస్టాటిన్ జన్యువు 7వ దాని మీద ఉన్నాయి. వాటిలో కొన్ని చోట్ల ఒక్క అక్షరం మారినా మాంసం తీరులో తేడా కనిపిస్తుంది. ఆ తేడాను కొలిచే పద్ధతి చూడండి. స్టేక్‌ను కాల్చి చల్లార్చి, పోగుల వాలున అర అంగుళం మందాన గుండ్రటి ముక్కలు తీస్తారు. మొద్దు బ్లేడుతో అడ్డంగా కోస్తే, తెగడానికి ఎన్ని కిలోల బలం పట్టిందో యంత్రం చెబుతుంది.

జన్యువులోని ఇలాంటి అక్షర మార్పుల్లో మొదట దొరికిన ‘316’ గుర్తు యూరప్ జాతుల్లో బాగానే పనిచేసింది. మూపురం జాతుల్లో మాత్రం దాని మేలైన రూపమే అరుదు. అమెరికాలోని క్లే సెంటర్ పరిశోధకులు 2005లో ‘4751’ అనే మరో గుర్తును వెల్లడించారు. అది రెండు రకాల పశువుల్లోనూ పనికొచ్చింది. అయినా ఏ ఒక్క గుర్తూ మొత్తం కథ చెప్పదు. వయసు, మేత, కోతకు ముందటి బెదురు, చల్లబరిచిన తీరు అన్నీ కలిసే ఫలితాన్ని తేలుస్తాయి.

అందుకే ఒంగోలుది ‘గట్టి మాంసం’ అని ముద్రవేసి వదిలేయడం అన్యాయం. నల్లరేగడిలో నాగలి లాగేందుకు, బరువు బండి ఈడ్చేందుకు, మండుటెండకు తట్టుకునేందుకు మన రైతు తరతరాలుగా ఎంచి పెంచిన జాతి అది. మనకు కావలసింది ఆ బలాన్ని రాసిపెట్టిన జన్యువుల లెక్క. పనిముట్టు చేతిలోనే ఉంది: హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 11,496 గుర్తులతో రూపొందించిన ‘ఇండిగౌ’ జన్యు చిప్ 2021 ఆగస్టులో విడుదలైంది. గిర్, సాహివాల్‌తోపాటు ఒంగోలునూ దృష్టిలో పెట్టుకుని చేసింది అది. సింహాద్రి అప్పన్నకు మొక్కుగా వచ్చే కోడెదూడల నుంచి చుక్క రక్తం తీసి, ఏ దూడలో ఏ జాతి ఎంతుందో చూసే పని విశాఖ నుంచే మొదలుపెట్టవచ్చు.