కార్డు ఉంటే వైద్యం అందినట్టేనా?

భిలాయ్‌లోని హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతంలో షిఫ్టు వదిలే వేళ ఏ మందుల షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. డాక్టరు ఏడు రోజులకి రాసిన చీటీ ఇచ్చి, "రెండ్రోజులకే కొయ్యి భయ్యా, మిగతావి పేమెంటు వచ్చాక" అనే కాంట్రాక్టు కూలీ తప్పకుండా కనిపిస్తాడు. షాపతను మాత్రల షీటును అక్కడికే కత్తిరిస్తాడు. డబ్బులు తీస్తుంటే కూలీ పర్సులోంచి ఆయుష్మాన్ కార్డు కూడా బయటపడుతుంది. ఆ కార్డుతో ఆ మాత్రలు రావు.

రాష్ట్రంలో ప్రతి ఒక్కరికీ పూర్తి వైద్యం అందాలని ఛత్తీస్‌గఢ్ జన స్వాస్థ్య అభియాన్ చాలా ఏళ్లుగా అడుగుతోంది. ఆ మాట ఎత్తగానే ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన మన ఇళ్లలోనూ అవే వినిపిస్తాయి.

అపోహ: ఐదు లక్షల కార్డు ఉంది కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కరకొస్తుంది. బీపీ, షుగరు, తగ్గని దగ్గు, పిల్లల జ్వరం దాని కిందికి రావు. మన దేశంలో కుటుంబాలు చేతి నుంచి పెట్టుకునే వైద్య ఖర్చులో ఎక్కువ భాగం ఓపీకీ మందులకే పోతుంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లోనూ మొత్తం వైద్య వ్యయంలో 39.4 శాతం జనం జేబుల్లోంచి వచ్చిందే. పోనీ ఆసుపత్రిలో చేరినవాళ్లకైనా భారం తగ్గిందా? ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటి సర్వేల ఆధారంగా 2020లో వెలువడిన ఒక అధ్యయనం తగ్గలేదనే తేల్చింది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

అపోహ: ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకి ఈఎస్ఐ ఉంటుంది.

వాస్తవం: నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకి ఉండాలి. ఓపీ, మందులు కూడా అందులో ఉన్నాయి కాబట్టి అది కార్డుకన్నా మేలు. అయితే కాంట్రాక్టరు పేరు నమోదు చేయించి, చందా కడితేనే.

అపోహ: అభియాన్ ఏదో పార్టీ మనుషుల గుంపు.

వాస్తవం: 2000లో కోల్‌కతాలో జరిగిన ప్రజారోగ్య సభతో మొదలైన వేదిక ఇది. ఇందులో అనేక సంఘాలున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో జన విజ్ఞాన వేదిక నడిచేదీ ఈ బాటలోనే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పరీక్షలను ప్రైవేటుకు అప్పగించాలని 2013లో రాయ్‌పూర్ ప్రభుత్వం తలపెడితే అభియాన్ గట్టిగా నిలబడింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2018 ఎన్నికల తర్వాత ఆరోగ్య మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ బీమాకు బదులు సార్వత్రిక వైద్యం తెస్తామన్నారు. 2020 జనవరిలో వచ్చింది మాత్రం ఖూబ్‌చంద్ బఘేల్ పథకం. రేషన్ కార్డును బట్టి కొందరికి 5 లక్షలు, మిగతావాళ్లకి 50,000. అదీ ఆసుపత్రిలో చేరితేనే. ఏ ప్రభుత్వం ఉన్నా అభియాన్ అడిగేది మాత్రం అందరికీ పూర్తి వైద్యమే.

అపోహ: వైద్యం సంగతి డాక్టర్లూ ప్రభుత్వమూ చూసుకుంటాయి, కూలీలకేం తెలుసు?

వాస్తవం: భిలాయ్ కొలిమికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా వెళ్లి చూడండి. 1977 జూన్ 2, 3 తేదీల్లో అక్కడ పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వాళ్ల పేరనే గని కార్మికులు ఆసుపత్రి కట్టుకున్నారు. చందాలు వాళ్లవే, శ్రమదానమూ వాళ్లదే. 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరుచుకుంది. బినాయక్ సేన్, శైబల్ జానా వంటి డాక్టర్లు వచ్చి చేరారు. కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు. ఆ గని కార్మికుల సంఘాన్ని నడిపిన శంకర్ గుహా నియోగి తర్వాత భిలాయ్ ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికుల పక్షాన నిలిచారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయ్‌లోనే, నిద్రలో ఉండగా ఆయన్ని కాల్చి చంపారు. ఆసుపత్రి మాత్రం ఆగలేదు.

ఆడవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. 2002లో ఈ రాష్ట్రంలో మితానిన్‌లనే ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు నేస్తం అని అర్థం. దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ల ముందే ఇక్కడ ఊరి ఆడవాళ్లు మందుల సంచితో గడప గడపా ఎక్కారు.

అపోహ: అందరికీ వైద్యమంటే అమెరికాకో ఇంగ్లండుకో చెల్లుతుంది, మన పేద రాష్ట్రానికి ఎక్కడిది?

వాస్తవం: అమెరికాలో ఇప్పటికీ అందరికీ లేదు. థాయ్‌లాండ్‌లో ఉంది. అక్కడి పౌర సంఘాలు 50,000కు పైగా సంతకాలు కూడగట్టి చట్టం ముసాయిదా ఇచ్చాయి, 2002లో చట్టమైంది. మొదట్లో ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ కట్టాల్సింది 30 భాట్లే. అప్పటికి ఆ దేశం ధనిక దేశమేమీ కాదు. మన 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామని రాసుకుంది. 2021-22లో అది 1.84 శాతం.

అపోహ: కార్డు మీద చేర్చుకున్నా పైన కొంత ఇవ్వడం మామూలే.

వాస్తవం: కాదు. ప్యాకేజీలో ఉన్న వైద్యానికి ఆయుష్మాన్ జాబితాలోని ఆసుపత్రి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగితే రసీదు ఇమ్మనండి. అక్కడి నుంచే 14555కి ఫోన్ చేయండి.