కొల్లేరు నుంచి మంచు కొండకు: సంతకం పెట్టే ముందు



చలికాలం సెలవులు దగ్గరపడగానే మంచు కొండల ట్రెక్కింగ్ ప్యాకేజీలు వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. మనాలి, కేదార్‌కంఠ మీకు తెలిసిన పేర్లే. అన్నయ్యో అక్కో యూరప్‌లో చదువుతున్న ఇళ్లలో ఇంకో పేరు కూడా వినబడవచ్చు: మొరాకోలోని తుబ్‌కాల్. ఆఫ్రికా అంటే మనకు ఇసుకే గుర్తొస్తుంది గానీ, అట్లాంటిక్ సముద్రం మీది తేమగాలి వల్ల అట్లాస్ పర్వతాల పైభాగాల్లో చలికాలంలో మంచు పేరుకుంటుంది. ఆ పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం తుబ్‌కాల్. ఎత్తు 4,167 మీటర్లు.

ఏ స్వెటర్ కొనాలి, భోజనం ఎలా ఉంటుంది, ఖర్చెంత అని అందరూ అడుగుతారు. వాటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోబెడతారు?

మనది పల్లపు నేల. కొల్లేరు అభయారణ్యం హద్దు చెప్పే ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు, అంతే. తాడేపల్లిగూడెంలో కొన్న చిప్స్ ప్యాకెట్ మనాలి చేరేసరికి బెలూన్‌లా ఉబ్బుతుంది. పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే, కానీ ఒత్తిడి తగ్గేకొద్దీ ఒక్కో శ్వాసకు అందేది తగ్గుతుంది. తుబ్‌కాల్ శిఖరం మీద అది ఏలూరులో అందేదానిలో సుమారు 60 శాతం. శరీరం దీనికి అలవాటు పడగలదు, అయితే రోజులు పడుతుంది. క్రికెట్ బాగా ఆడే పిల్లవాడికైనా అంతే. నిజానికి చురుకైన పిల్లలే తొందరగా ఎక్కేసి ఇబ్బంది పడుతుంటారు.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని వైద్యులు చెబుతారు. తుబ్‌కాల్‌కు బయలుదేరే ఇమ్లిల్ గ్రామం 1,740 మీటర్ల దగ్గర ఉంది. రాత్రి బస చేసే కొండ వసతి గృహం 3,207 మీటర్ల దగ్గర. రెండు రోజుల ప్యాకేజీల్లో ఒక్క పగట్లో ఇంత ఎక్కించి, మర్నాడు తెల్లవారకముందే శిఖరానికి నడిపిస్తారు. బూట్లకు ఇనుప ముళ్ల క్రాంపాన్లు, చేతిలో ఐస్ యాక్స్. రెండు రోజులు మా అభిప్రాయంలో పిల్లలకు చాలవు. ఇమ్లిల్‌లో అదనంగా ఒకటి రెండు రాత్రులు ఉంచేవారే నయం.

"మరి పూర్ణ ఎవరెస్టే ఎక్కింది కదా!" అంటారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. అయితే అంతకుముందు భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకున్నారు, డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు, లద్దాఖ్ చలిని తట్టుకున్నారు. ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు పైకి వెళ్లడం, మళ్లీ దిగివచ్చి పడుకోవడం వారాల తరబడి చేస్తారు. ఐదు రోజుల ప్యాకేజీకి ఆ పోలిక కుదరదు.

చలి సంగతి. ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, పైన గాలి కోత వేరు. కాటన్ బనియన్, జీన్స్ చెమట పీల్చుకుని ఒంటికి చల్లగా అంటుకుంటాయి. ఒకే లావు స్వెటర్ కన్నా త్వరగా ఆరే పలుచని దుస్తులు పొరలుగా వేసుకోవడం మంచిది. మంకీ క్యాప్ మాత్రం నిక్షేపంగా పెట్టండి.

తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు పడకపోవడానికి గుర్తులు. అవి తగ్గేదాకా ఇంకా పైకి తీసుకెళ్లకూడదు. తూలుతూ నడిచినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా అర్ధరాత్రైనా సరే కిందికి దించాలి. అందుకు విడిగా ఒక గైడ్ ఉంటాడా అని అడిగి తెలుసుకోండి. జలుబు, దగ్గు తగ్గని పిల్లలను ఆ విడతకు పంపకండి. ఆస్తమా ఉంటే ముందే డాక్టరును కలవండి. స్నేహితుల ముందు చిన్నతనంగా ఉంటుందని పిల్లలు తలనొప్పి దాచేస్తారు. చెబితే ఎవరూ ఏమీ అనరని, దిగివచ్చేస్తే కట్టిన డబ్బు గురించి ఇంట్లో ఒక్క మాట కూడా అడగమని బయలుదేరే ముందు రోజే వాళ్లతో చెప్పండి.