కొన్న సినిమా మన దగ్గరే ఉండాలంటే

ఆన్‌లైన్‌లో 'కొనండి' అన్న మీట నొక్కి డబ్బు కట్టినంత మాత్రాన సినిమా మన సొంతం కాదు. దక్కేది చూసుకునే అనుమతి మాత్రమే. అమ్మినవారికీ హక్కుదారుకీ మధ్య ఒప్పందం ముగిస్తే అది కూడా పోవచ్చు. ఈ సంగతి కొనేవారికి ముందే చెప్పి తీరాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసింది. 2025లో అది అమల్లోకి వచ్చింది. అందుకే ప్రాణప్రదమైన పది సినిమాలనైనా డిస్కుల రూపంలో బీరువాలో దాచుకోవడం చాదస్తం కాదు, ముందుచూపు. నెల చందాకు వందల సినిమాలు వస్తుంటే ఒక్కదానికి అంత ఖర్చెందుకని అడగవచ్చు. ఒకసారి చూసి వదిలేసేవాటికి చందాయే చాలు. మళ్లీ మళ్లీ చూసేవాటి లెక్క వేరు. పైగా ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మను బాగా కుదించి పంపుతారు. బ్లూరేలో ఒక్క బొమ్మకే సెకనుకు 40 మెగాబిట్ల వరకు చోటుంది. చీకటి సన్నివేశాల్లో నలుపు మరకలు మరకలుగా విడిపోకుండా నిలవడంలో ఆ తేడా కంటికి తెలుస్తుంది.

మొదట ప్లేయర్ సంగతి తేల్చుకోవాలి. డీవీడీ ప్లేయర్‌లో బ్లూరే ఆడదు. బ్లూరే ప్లేయర్‌లో డీవీడీ ఆడుతుంది. 4కే ప్లేయర్‌లో మూడూ ఆడతాయి. అసలు చిక్కు ప్రాంతాల కోడ్‌తో వస్తుంది. ఒక ప్రాంతానికి చేసిన డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా వేసే తాళం అది. ఒక ఉదాహరణ చూడండి. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'తో మొదలైన అపు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిపోగా, మిగిలినవాటిని ఇటలీలోని బొలోన్యాలో ఎంతో ఓర్పుగా బాగుచేశారు. 2015లో అమెరికాలో క్రైటీరియన్ సంస్థ వాటిని బ్లూరేలుగా తెచ్చింది. ఆ డిస్కులు 'ఎ' ప్రాంతానివి, మన దేశం 'సి'. అంటే మన సినిమాయే అయినా ఇక్కడి మామూలు ప్లేయర్‌లో ఆడదు. అట్ట వెనక ఆ అక్షరం చూడకుండా విదేశీ బ్లూరే కొనకండి. 4కే డిస్కులకు ఈ బెడద లేదు.

ప్లేయర్లే కనుమరుగవుతున్నాయి కదా అన్న అభ్యంతరంలో నిజముంది. శామ్‌సంగ్ 2019లోనే ఈ రంగం నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. మన దగ్గర చవక డిస్కులను ఇంటింటికీ చేర్చిన మోసర్ బేయర్ కూడా 2018లో దివాలా తీసింది. అయితే ప్లేయర్ పాడైతే ఇంకొకటి వెతుక్కోవచ్చు, డిస్కులోని సినిమా ఎక్కడికీ పోదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు డిస్కును రెండువైపులా వెలుతురులో తిప్పి చూడాలి. వీసీడీలో సమాచారం ఉండేది బొమ్మ అచ్చువేసిన పైపొర కిందే. అక్కడ లోతుగా గీత పడితే ఇక బాగుపడదు. డీవీడీలో అది రెండు పలకల నడుమ భద్రంగా ఉంటుంది. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. పెట్టెలో నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి.

మీ అటక మీద పాత తెలుగు సినిమాల డీవీడీలుంటే, పాత సామాన్లకు వేసేముందు ఒక్కసారి ఆడించి చూడండి.