లినక్స్ ఎక్కని కంప్యూటరు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థవారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11ను మోయలేని పాత యంత్రములు ఇండ్లలో పెక్కులున్నవి. అవి చెడిపోయినవి కావు. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ వానికి మరికొన్ని యేండ్ల ఆయువు నీయగలదు. ఈ సీమకు కంప్యూటరు క్రొత్త కాదు. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 2002లోనే కుప్పమున ఐ-కమ్యూనిటీ అను ప్రణాళికను చేపట్టినది. నేడు మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, పిల్లల చదువు వ్రాతలు, పెండ్లి ఫొటోలు, పొలము పత్రముల నకళ్లు ఒకే డిస్కులో నుండుట సామాన్యము. కావుననే లినక్స్ ఎక్కించుట మధ్యలో ఆగినచో గుండె జల్లుమనును.

అపుడు వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ మెట్టున ఆగినది? రేడియో పలుకనపుడు అనుభవజ్ఞుడు ముందుగా పెట్టె విప్పడు. దీపము వెలిగినదా, ఏరియలు తీగ తెగినదా అని చూచును. ఇచటను అంతే. డిస్కును విభజించు మెట్టునకు ముందే పని ఆగినచో లోపలి సమాచారమునకు హాని కలుగలేదని తెలియవలెను.

తరచు కనబడు లోపము పెన్‌డ్రైవుది. దింపుకొన్న ఐఎస్‌ఓ ఫైలును పాటవలె అందులోనికి కాపీ చేసినంత మాత్రమున యంత్రము దానినుండి ప్రారంభము కాదు. రూఫస్, ఎచర్ వంటి సాధనముతో వ్రాయవలెను. అంతకు ముందు ఫైలు చెక్కుచెదరక దిగినదో లేదో చూడవలెను. లినక్స్ అందించువారు 64 అక్షరముల ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తును ప్రకటింతురు. మన ఫైలునుండి లెక్కించిన గుర్తు దానితో అక్షరమక్షరము సరిపోవలెను. ఒక్కటి తప్పినను మరల దింపుకొనవలసినదే. సెల్‌ఫోను సిగ్నలుపై గిగాబైట్లు దింపుకొనువారు ఈ పరీక్షను విసుగని మానరాదు.

పెన్‌డ్రైవు మంచిదైనను విండోసే తెరచుకొనుచున్నచో, ఆన్ చేసిన వెంటనే ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్, డిలీట్ మీటలలో ఆ యంత్రమునకు తగినదానిని నొక్కి ప్రారంభ క్రమమును మార్చవలెను. కొన్నిచోట్ల సెక్యూర్ బూట్ అడ్డుపడును. దానిని కదలించుటకు ముందు, డిస్కునకు బిట్‌లాకర్ తాళమున్నచో 48 అంకెల రికవరీ కీ కాగితముపై వ్రాసి యుంచుకొనుడు. అది లేనివారికి సొంత ఫొటోలే అందవు. తెర నల్లబడి నిలిచినచో ప్రారంభ పట్టికలో సేఫ్ గ్రాఫిక్స్ ఎన్నుకొనిన పెక్కుసారులు పని సాగును.

నిజమైన ప్రమాదము 'ఎరేజ్ డిస్క్' అను మాటలో నున్నది. విండోస్ ప్రక్కనే లినక్స్ కావలెననువారు దానిని ముట్టరాదు. ఏది ఎన్నుకొన్నను, ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులోనికి ముందే ఎత్తుకొనవలెను. విభజన జరుగుచుండగా కరెంటు పోయినచో ఉన్నదియు పోవచ్చును. యూపీఎస్ లేని ఇంట గాలివాన సాయంకాలము ఈ పని పెట్టుకొనుట వివేకము కాదు. లినక్స్ ఎక్కిన పిదప విండోస్ కనబడకున్నను వెంటనే భయపడనక్కరలేదు. తరచుగా అది డిస్కులోనే యుండును, ప్రారంభ పట్టికలో దాని పేరు చేరియుండదు.

మిక్కిలి పాత 32 బిట్ల యంత్రమైనచో పై ఉపాయములేవియు పనిచేయకపోవచ్చును. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 సైతము అట్టివానికి ఇన్‌స్టాలరు నీయుట మానినది. అట్టివారు డెబియన్ 12ను ప్రయత్నింపవచ్చును.