ఒక చిన్న దేశపు ప్రతిజ్ఞ

మనుష్యులవలెనే ప్రభుత్వములును మాట ఇచ్చుచుండును. ఒక మనుష్యుడు మాట తప్పినచో అతని పరువు పోవును. ప్రభుత్వము మాట తప్పినచో లక్షలకొలది ప్రజలకును, ఇంకను పుట్టని బిడ్డలకును నష్టము వాటిల్లును. కావున ప్రభుత్వపు ప్రతిజ్ఞకు శాసనము, ధనము, లెక్క అను మూడును అండగా నుండవలెను.

2015వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన ఐక్యరాజ్య సమితియందలి 193 దేశములు అట్టి ప్రతిజ్ఞ నొకదానిని గైకొన్నవి. పేదరికమును, ఆకలిని రూపుమాపుట, బాలబాలికలందరికి మంచి విద్య నొసగుట, పరిశుభ్రమైన నీటిని సమకూర్చుట, అడవులను, సముద్రములను కాపాడుట మొదలగు 17 లక్ష్యములను 2030 నాటికి సాధింపవలెనని అవి అంగీకరించినవి. వీనినే సుస్థిరాభివృద్ధి లక్ష్యములందురు. నేటివారి అవసరములు తీరవలెను. కాని రేపటివారికి దక్కవలసినది నేడే హరించిపోరాదు. సుస్థిరాభివృద్ధి యనగా నిదియే. ఈ లక్ష్యములను సాధింపని దేశమును శిక్షించు న్యాయస్థానము లేదు. ఏ ప్రభుత్వమైనను తన మాటకు తానే కట్టుబడవలెను.

అట్లు కట్టుబడ యత్నించిన దేశములలో కోస్టారికా యొకటి. మధ్య అమెరికాయందలి ఈ దేశమునకు ఒకవైపు పసిఫిక్ మహాసముద్రమును, మరియొకవైపు కరిబియన్ సముద్రమును గలవు. దాని వైశాల్యము సుమారు 51,000 చదరపు కిలోమీటర్లు; జనసంఖ్య సుమారు 50 లక్షలు. 1948లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట ఈ దేశము తన సైన్యమును రద్దు చేసికొనెను.

ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున ఈ దేశమున సగమునకు పైగా అడవి యుండెను. అడవిని నరికి చదును చేయుట భూమిని బాగుచేయుటగా నాడు ఎంచబడెడిది. అట్లు చేసినవారికి భూమిపై హక్కు లభించుట సులభమయ్యెడిది. పశువుల మేతకొరకు కొండలను సయితము బోడిచేసిరి. 1980వ దశకము నాటికి అడవి సుమారు నాలుగవ వంతునకు తగ్గిపోయెను.

అప్పుడు ప్రభుత్వము తన దారి మార్చుకొనెను. 1996లో నొక అటవీ శాసనము చేయబడెను. అడవిని నరికి ఆ నేలను ఇతర కార్యములకు వినియోగించుట దానిచే నిషేధింపబడెను. కాని నిషేధ మొక్కటియే చాలదు. తన భూమిలోని చెట్లను కాపాడిన రైతు ఏమి తిని బ్రతుకవలెను? ఈ ప్రశ్నకు శాసనమే సమాధానము చెప్పెను. అడవి నీటిని నిలుపును, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును, పశుపక్ష్యాదులకు నెలవగును, చూపరుల కన్నులకు విందు చేయును. ఈ నాలుగు సేవలకును మూల్యము కలదని అంగీకరించి, 1997 నుండి అడవిని పెంచి కాపాడు భూస్వాములకు ప్రభుత్వము ప్రతిఫల మిచ్చుచున్నది.

అందులకు ధనము ఇంధనముపై విధించిన పన్నునుండి రావలెను. ఆ పన్నులో మూడవ వంతు ఇత్తుమని తొలుత శాసనమున వ్రాసిరి. కాని బొక్కసమునుండి అంత సొమ్ము రాలేదు. తుదకు 2001లో నూటికి మూడున్నర వంతులని నిర్ణయించిరి. పెద్ద వాగ్దానముకంటె చేతికందిన చిన్న భాగమే అడవికి మేలు చేసెను. పశుపోషణలో లాభము తగ్గుటయు, అడవులను చూడవచ్చు యాత్రికులు పెరుగుటయు ఇందుకు తోడ్పడెను. నేడు ఆ దేశమున సగమునకు పైగా మరల అడవి కలదు.

2016వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన కోస్టారికా ప్రభుత్వము, శాసనసభ, న్యాయశాఖ, స్థానిక సంస్థలు, విశ్వవిద్యాలయములు, వర్తకులు, ప్రజాసంఘములు కలిసి సుస్థిరాభివృద్ధి లక్ష్యములకై జాతీయ ఒడంబడికపై సంతకములు చేసినవి. ప్రభుత్వములు మారినను ప్రతిజ్ఞ మారకుండుటయే దీని ఉద్దేశము. ఆ పిమ్మట 2017లోను, 2020లోను ఈ దేశము తన పనికి లెక్కను ఐక్యరాజ్య సమితి యెదుట చెప్పుకొనెను.

ఆ లెక్కలో కొరతలును కలవు. ధనికులకును పేదలకును నడుమ అంతరము అధికముగనే యున్నది. అనాస తోటలలో చల్లు పురుగుమందులు నేలను, నీటిని బాధించుచున్నవి. విద్యుచ్ఛక్తిలో అత్యధిక భాగము నదుల జలమువలనను, గాలివలనను, భూగర్భపు వేడిమివలనను లభించుచున్నను, బండ్లలో పెక్కింటికి ఇంకను చమురే ఆధారము. ఇందొక చిక్కు కలదు. అడవిని కాపాడు సొమ్ము చమురుపై పన్నునుండియే వచ్చుచున్నది. కోరుకొన్నట్లు చమురు వాడుక తగ్గినచో, ఆ సొమ్మును తగ్గును. కనుక వేరొక ఆదాయమును ముందుగనే వెదకికొనవలసిన భారము ప్రభుత్వముపై నున్నది.

నరికిన చెట్టు ఒక్కదినమున నేలకూలును. నాటిన చెట్టు అడవి యగుటకు ఒక తరము పట్టును. ప్రతిజ్ఞ చేసిన నాయకులు పదవులు వీడిపోవుదురు. వారు మాట నిలుపుకొనిరో లేదో తేల్చి చెప్పువారు నేడు పాఠశాలలయందున్న బాలబాలికలే.