మూడు గుడ్డపీలికలు, ఒక పాత కెమెరా

తపతీ తీరమందలి సూరత్ నగరమున లింబాయత్, ఉధనా ప్రాంతముల వీధులలో నడచు తెలుగువానికి తాను పరాయిచోట నున్నానన్న తలపు ఎంతోసేపు నిలువదు. తెలంగాణము నుండి మరమగ్గములను, వారి మాటలో సాంచలను, నమ్ముకొని వచ్చి, బిడ్డలను కని, ఇండ్లు కట్టుకొని స్థిరపడిన పద్మశాలి కుటుంబముల పలుకు అచ్చట అడుగడుగునను చెవిని బడును, నగరపాలక సంస్థ నడపు పాఠశాలలలో తెలుగు మాధ్యమమును గలదు, ఆశ్వయుజము వచ్చెనా బతుకమ్మపాటయు వినవచ్చును. ఆ వీధులలో ఒక చుట్టపుటింట నేను దిగియుండగా, తమ కారఖానాలో నేసిన చీరలను ఫోనుల మీద దేశమంతటికిని చూపి అమ్ముకొనదలచిన మా మేనల్లుడు, క్రొత్త కెమెరా ధర విని బెదిరినవాడై, పాతదానిపై దృష్టి నిలిపి నన్నడిగెను.

“మామా, ఏ కంపెనీది తీసుకుంటె మంచిగుంటది?”

“కంపెనీ ముచ్చట తర్వాత, అల్లుడా. ముందుగాల మీ సాంచల కాడికెళ్లి మూడు గుడ్డపీలికలు పట్టుకరా. సన్నటి నేతది ఒకటి, నల్ల పాలియెస్టరుది ఒకటి, జరీ అంచుది ఒకటి.”

నేను పరిహాసమాడుచున్నానని వాడనుకొనెను. కాని పాత డిజిటల్ కెమెరా గుణదోషములను బయటపెట్టుటకు ఈ మూడు పీలికలకు మించిన పరీక్షాసాధనము నాకు నేటివరకును కనబడలేదు. ఏలయన అట్టి కెమెరా లోపల నున్నదియు ఒక విధమైన నేతయే. 1975లో కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు కూర్చిన తొలి డిజిటల్ కెమెరా నిలువున నూరు, అడ్డమున నూరు బిందువుల గళ్ళతో బొమ్మను పట్టి, దానిని క్యాసెట్ టేపుపైకి ఎక్కించుటకు 23 సెకనుల కాలము తీసికొనెను. ఆ బిందువులకు వెలుగు ఎంతయో తెలియునే గాని రంగు ఏదియో తెలియదు. అదే సంస్థలోని బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన ఉపాయము వలన వానికి రంగు తెలిసినది: ప్రతి నాలుగు గళ్ళలో రెంటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలము రంగుపొరలను పరచి, లోపించిన రంగులను పొరుగు గళ్ళను బట్టి లెక్కకట్టుట. నేటి కెమెరాలలోను, మన చేతి ఫోనులలోను హెచ్చుభాగము ఈ పడుగుపేకల అమరికనే అనుసరించుచున్నవి.

గళ్ళ నేతను గళ్ళ నేత చూచినప్పుడు ఏమగునో తెలియుటకు ప్రయోగశాల అక్కరలేదు. దోమతెర మడతను రెండుగా పట్టి దీపమున కెదురుగా నిలిపిన చాలును. ఏ ఒక్క పొరలోను లేని వెడల్పైన అలలు రెంటి నడుమ పుట్టి, చేయి కదలినప్పుడెల్ల ఈదులాడును. అలలు తేలినట్లు నేయు పట్టుగుడ్డకు ఫ్రెంచివారిడిన మ్వారే అను పేరునే శాస్త్రజ్ఞులు ఈ వింతకును పెట్టిరి. అనగా ఈ దోషమునకు నామకరణము సైతము వస్త్రములోనే జరిగినది. లెక్క చూడుడు. 2004లో వెలువడి మన పెండ్లి ఫొటోగ్రాఫర్లు ఎందరో వాడిన నికాన్ డి70 అడ్డముగా 3,008 బిందువులు గలది. మీటరు వెడల్పు చీర దానిలో నిండుగా పట్టునట్లు నిలిచితిమేని సెంటీమీటరు గుడ్డకు సుమారు 30 బిందువులు వచ్చును. ఆ గుడ్డలో సెంటీమీటరునకు 31 దారములున్నవనుకొందము: ప్రతి సెంటీమీటరునకు ఒక్కసారి దారమును బిందువును కలిసి విడిపోవును, చీరలో లేని చార ఒకటి బొమ్మలో తేలును. ఎరుపు, నీలము గళ్ళు ఇంకను ఎడమెడముగా నుండుటచేత ఆ చారలకు ఇంద్రధనుస్సు రంగులును పట్టును. కొనువాడు రంగు తేడా యనుకొని చీరను త్రిప్పి పంపును.

దీనిని వారించుటకు తయారీదారులు సెన్సారు ముందు ఒక పలుచని స్ఫటికపు రేకు నుంచిరి. అది ఒక్కొక్క వెలుగుచుక్కను నాలుగుగా చీల్చి, చిత్రమును రవ్వంత మసక చేయును. ఈ రేకు డి70లో బలహీనము, కావున బొమ్మ వాడిగా వచ్చును, చారలును తొందరగా వచ్చును. మసక తక్కువైనకొలది కెమెరా మేలనుకొను బేరగాడు చీరల వ్యాపారమున చిక్కుపడుట ఇందువలననే. చికిత్స లేకపోలేదు. ఒకటి రెండడుగులు ముందుకో వెనుకకో జరుగుట మొదటిది. లెన్సు ద్వారమును ఎఫ్ 16 వరకు మూయుట రెండవది. అంత చిన్న రంధ్రము గుండా వచ్చు కాంతి తన తరంగస్వభావము చేతనే పరచుకొని, ఒక్కొక్క చుక్క సుమారు 21 మైక్రాన్ల వెడల్పు గలదగును. డి70 సెన్సారుపై ఒక్క గడి సుమారు 8 మైక్రాన్లే. పుస్తకములన్నియు దోషమని నిందించు ఈ వివర్తనము గుడ్డ ఫొటోలు తీయువానికి ఉచితముగా దొరకిన రేకన్నమాట.

ఇక నల్ల పీలిక. సెన్సారులోని సిలికాన్ మనకంటికి తెలిసిన 400 నుండి 700 నానోమీటర్ల కాంతితో తృప్తి చెందక, దాదాపు 1,100 వరకు పరారుణ కాంతిని సైతము గ్రహించును. దానిని అడ్డుటకు వేరొక వడపోత గాజు కలదు. కృత్రిమ దారమున కద్దు నల్లరంగులు అనేకము మనకు నల్లనివే గాని పరారుణ కిరణములను మాత్రము తెల్లగుడ్డవలె ప్రతిఫలించును. 2006లో విడుదలైన లైకా ఎం8 అను బహుమూల్యమైన కెమెరాలో, లెన్సు వెనుకభాగము సెన్సారునకు మిక్కిలి దగ్గరగా నుండుటచేత ఏటవాలుగా పడు కిరణములు చెదరకుండుటకై ఆ వడపోత గాజును పలుచన చేసిరి. నల్లని సింథటిక్ కోట్లు వంకాయరంగులో దర్శనమిచ్చినవి. కొనినవారికి లెన్సు ముందు బిగించు వడపోతలు రెండేసి ఉచితముగా పంచి ఆ సంస్థ పరువు దక్కించుకొనవలసి వచ్చెను. ప్రపంచమున ఈ దోషము అందరికంటె ముందు కనబడదగిన ఊరు, కృత్రిమ వస్త్రములకు నెలవైన సూరతే గదా! పాతకాలపు తీగబల్బు క్రింద నల్ల పాలియెస్టరు, నల్ల నూలుగుడ్డ ప్రక్కప్రక్కన పెట్టి ఒక్క బొమ్మ తీసిన చాలును, వడపోత బలము తెలిసిపోవును.

మూడవదైన జరీ కథ చిన్నది. ఈ నగరపు జరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాని తళుకే దాని ప్రాణము. సెన్సారు గడి చిన్న కుండవంటిది, నిండిన తరువాత పడిన వెలుగు లెక్కకు రాదు. జరీ మెరసిన చోటెల్ల బంగారము పోయి తెల్లని మచ్చ మిగులును. పాత సెన్సార్ల కుండ త్వరగా నిండుటయే గాక, భయపడి వెలుగు తగ్గించి తీసితిమేని నీడలలో రంగురంగుల నలుసులు లేచును. కిటికీకి తెల్లధోవతి కట్టి వెలుగును మెత్తబరచుట దీనికి మందు.

ఈ మధ్య యువజనులలో సి.సి.డి. సెన్సారు గల పాత చిన్న కెమెరాలపై మోజు ప్రబలినది. వానిలో రంగులు ఫిలిం రంగులవలె నుండునని ప్రచారము. సి.సి.డి. యైనను, తరువాత దాని స్థానమాక్రమించిన సీమాస్ యైనను సిలికాన్ ముక్కయే. రంగును నిర్ణయించునది పైని రంగుపొర, లోని గణనసూత్రము. మోజు తప్పని నేననను, కారణము తప్పని మాత్రమందును. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరు. 2005 అక్టోబరులో సోనీ, కానన్, నికాన్, ఫ్యూజీఫిల్మ్ మొదలగు సంస్థలు వరుసగా ప్రకటనలు చేసినవి: కొన్ని సంవత్సరములుగా అమ్మిన అనేక నమూనాలలోని సోనీ సి.సి.డి. లోపలి సన్నతీగల అతుకులు వేడికిని తేమకును ఊడిపోవుచున్నవని, బొమ్మ వంకరపోవుటో అసలే కనబడకపోవుటో జరుగునని, ఉచితముగా బాగుచేయుదుమని. ఆ ఉచితపు గడువులు ఏనాడో ముగిసినవి. వేడియు తేమయు మాత్రము సూరత్‌లో ముగియలేదు. కావున 2002 మొదలు 2004 వరకు వచ్చిన చిన్న కెమెరాలను ఇచ్చటివారు అందము చూచి కొనరాదు.

తేమ మాట వచ్చినది గనుక లెన్సుల బూజును గూర్చి కొంత విస్తరించి చెప్పక తప్పదు. సముద్రము చేరువ, నది నడుమ, జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు: గాలిలో తేమ నూటికి అరువదిని మించి నిలిచిన చోట, చీకటి తోలుసంచిలో మూసిపెట్టిన లెన్సులో శిలీంధ్రము మొలకెత్తుటకు ఇంతకంటె ఏమి వలయును? అది గాజును తినదు. గాజుపై దుమ్మును, నూనెను, వ్రేలిముద్రలను తినును. తినునప్పుడు విడుచు ఆమ్లములు మాత్రము గాజుపై పూసిన ప్రతిఫలననిరోధకపు పూతను కొరికి, తుడిచినను పోని సాలెగూటి గుర్తులను నిలిపిపోవును. నేనొకసారి వానకాలమున ముచ్చటపడి కొన్న యాభై మిల్లీమీటర్ల లెన్సు, అంగడి దీపముల క్రింద నిర్మలముగా కనబడినది, ఇంటికి వచ్చి టార్చి వెలుగున చూచినంతనే వేరుల అల్లికతో నిండియుండెను. అమ్మినవానిని తప్పుపట్టుటకంటె నా తొందరను నిందించుకొనుటయే న్యాయము. సూరత్‌లో ఈ పొరపాటు చేయుటకు సాకు కూడ లేదు. మహీధర్‌పురా వజ్రాల బజారులో వీధి అరుగులపై కూర్చుండి రాళ్ళు చూచు వర్తకుల చేతిలో పదింతలుగా చూపు భూతద్దమున్నది. దానిని ఎరవు తీసికొని, లెన్సు వెనుకనుండి టార్చి వేసి, ద్వారము పూర్తిగా తెరచి చూడవలెను. వజ్రములో మచ్చ వెదకు కన్ను లెన్సులో బూజును ఎట్లు విడుచును? కొన్న తరువాత మూత బిగిసిన డబ్బాలో సిలికా జెల్ సంచులతో నుంచి, అప్పుడప్పుడు వెలుతురు చూపవలెను.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయము నుండి విడిచిన నీటితో తపతి పొంగి నగరములో హెచ్చుభాగమును ముంచెను. అట్టి వరదనీరు త్రాగిన కెమెరా ఎంత శుభ్రముగా తుడిచినను లోపల తుప్పుపట్టుచునే యుండును. బ్యాటరీ గదిలో ఆకుపచ్చని, తెల్లని ఉప్పు కనబడినచో బేరమాడకుండ లేచిరావలెను.

తక్కిన పరీక్షలు తేలిక. ఎఫ్ 16 వద్ద తెల్లగోడను తీసినచో సెన్సారుపై దుమ్ము చుక్కలుగా తేలును. మూతపెట్టి కొన్ని సెకనులు తీసినచో చెడిన గళ్ళు నక్షత్రములవలె మెరయును. షట్టరు ఎన్నిమార్లు కొట్టుకొన్నదో కొన్ని కెమెరాల బొమ్మఫైలులోనే వ్రాసియుండును. పాత కెమెరాలలో కొన్ని 2 జి.బి.కి మించిన కార్డును గుర్తింపనే గుర్తింపవు. లెన్సు అమరునా యనుట ఒక ప్రశ్న, అమరి పనిచేయునా యనుట మరియొకటి: అద్దము గల నికాన్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాల లెన్సు బిగింపు 1959 నుండి ఒక్కటే యైనను, డి40లో ఫోకసు త్రిప్పు మోటారు లేదు గనుక తనలో మోటారు లేని లెన్సును చేతితో త్రిప్పుకొనవలసినదే. చీర కదలదు గదా, త్రిప్పుకొనుట కష్టముగాదు.

సాఫ్ట్‌వేరు విషయమున మనవారు సాధారణముగా తలక్రిందులుగా ఆలోచింతురు: కెమెరా పాతది గనుక సాఫ్ట్‌వేరైనను క్రొత్తది వలయునని. ఫొటోషాప్‌ను డబ్బు చెల్లించి సొంతము చేసికొన వీలైన కడపటి రూపము 2012 నాటి సి.ఎస్.6, మరుసటి ఏటినుండి అది చందా సరకైనది. సి.ఎస్.6 నేటి క్రొత్త కెమెరాల ముడిఫైళ్ళను, అనగా రా ఫైళ్ళను, చదువలేదు గాని 2006 నాటి కెమెరాల ఫైళ్ళను నిక్షేపముగా చదువును. అనగా పాత కెమెరా కొన్నవాడు చందాను తప్పించుకొన్నవాడు కూడ. సి.ఎస్.6 ఎక్కించిన పాత కంప్యూటరు లేనివారికి గింప్, డార్క్‌టేబుల్, రాథెరపీ అనునవి ఉచితముగా లభించును.

ముడిఫైలు మాత్రము తప్పక తీయవలెను. జెపెగ్ బొమ్మలో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే. పన్నెండు బిట్ల ముడిఫైలులో 4,096. అంతకంటె విశేషము, ముడిఫైలు అనగా రంగులు ఇంకను లెక్కకట్టని గళ్ళ వెలుగుచిట్టా మాత్రమే. బేయర్ గళ్ళను పూరించు గణితము ఈ ఇరువది యేండ్లలో ఎంతయో పదునెక్కినది గనుక, ఆనాటి చిట్టాను నేటి గణితమునకిచ్చినచో నలుసులు తగ్గి, ఆనాడు ఆ కెమెరా తానుగా ఈయజాలని బొమ్మ వచ్చును. చీరపై తేలిన రంగుచారలను సైతము, రంగును మాత్రమే మెత్తబరచి వెలుగును ముట్టని ఉపాయముతో చాలవరకు చెరపవచ్చును; వెలుగులోనే పడిన చారలను మాత్రము ఏ సాఫ్ట్‌వేరును నమ్మకముగా చెరపలేదు, ఏది దారమో ఏది భ్రమయో తెలుపు సాక్ష్యము ఫైలులో మిగిలియుండదు. మీ ఇండ్లలో పాత కార్డులు, పాత డిస్కులు ఉన్నయెడల దయచేసి అందలి ముడిఫైళ్ళను పారవేయక రెండుచోట్ల నకలు చేసికొనుడు.

మా మేనల్లుడు చివరకు ఆరు మెగాపిక్సెళ్ళ పాత కెమెరా నొకదానిని కొనెను. నల్ల పీలిక నల్లగనే వచ్చినది, జరీ కొన్నిచోట్ల తెల్లని మచ్చయైనది, సన్ననేత ఒక దూరమున మాత్రము చారలు చూపినది. ఆ చారలు చూపియే వాడు బేరము తగ్గించుకొనెను. కారఖానా ప్రక్కగదిలో నేలపై సుద్దతో గీసిన గీత ఒకటి ఇప్పటికిని ఉన్నది. అచ్చట నిలిచి సన్ననేత చీరను వారు తీయరు.