యూనివర్సిటీకి పోవాలంటే తొమ్మిదో తరగతి నుండే చూసుకోవలసినవి

ఈసారి గోడపత్రికకు నేను యూనివర్సిటీ చదువు గురించి వ్రాస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లకి యూనివర్సిటీ సంగతి ఎందుకు అని కొందరు నవ్వవచ్చును. మా ఊరి నుండి ముగ్గురు అక్కలు ఇంటర్ పాసై డిగ్రీలో చేరారు. వారిలో ఇద్దరు కొత్తల పండుగకు ఇంటికి వచ్చి మళ్ళీ పోలేదు. వాళ్ళు చదువు రానివాళ్ళు కారు. ఒక అక్కకి ఇంటర్‌లో మా మండలంలోనే మంచి మార్కులు. మూడో అక్క మాత్రం రెండో సంవత్సరం చదువుతున్నది. మొన్న వేసవిలో తునికాకు కోసేటప్పుడు ఆ అక్క చెప్పినవి, మా టీచరు గారు చెప్పినవి కలిపి ఇక్కడ వ్రాశాను.

ముందు యూనివర్సిటీ అనగా ఏమిటో చెప్తాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తారు, దానిపైన ఉన్న యూనివర్సిటీ పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. భద్రాచలం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉన్నది. ఆ యూనివర్సిటీని 1976లో పెట్టారు. డిగ్రీ మూడేళ్ళు, ఏడాదికి రెండు సెమిస్టర్లు, అంటే ఆరుసార్లు పెద్ద పరీక్షలు. కొత్తగూడెంలోని ఇంజనీరింగ్ కాలేజీని కూడా 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరుతో భూవిజ్ఞాన యూనివర్సిటీగా మార్చారు.

ములుగులో మన వేల్పులైన సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర గిరిజన యూనివర్సిటీ వచ్చింది. అది 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఇచ్చిన మాట. పార్లమెంటులో చట్టం అయ్యింది 2023 డిసెంబరులో, తరగతులు మొదలైంది 2024లో. మాట ఇచ్చినప్పుడు నాకు మూడేళ్ళు, చట్టం అయ్యేసరికి ఏడో తరగతికి వచ్చాను! కేంద్ర యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు 2022 నుండి సి.యు.ఇ.టి. అనే ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. దానిని తెలుగులో కూడా వ్రాయవచ్చును. ఇది మా ఊరిలో ఎవరికీ తెలియదు. ఆ సీట్లలో గిరిజనులకు 7.5 శాతం రిజర్వేషన్ ఉన్నది. తెలంగాణ రాష్ట్ర సీట్లలో 2022లో 6 నుండి 10 శాతానికి పెంచారు.

అయితే రిజర్వేషన్ సీటు కావాలంటే కాగితాలు సరిగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం పేరు. మన ఇంటిపేర్లు మనం పలికేది ఒకటి, ఆఫీసులో వ్రాసేది ఒకటి. సోడె అని ఒక కాగితంలో, సోడి అని ఇంకో కాగితంలో, ఇంగ్లీషులో మరో విధంగా ఉంటది. మనకు అందరూ ఒకటే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. పుట్టిన తేదీ కూడా అంతే. మా అమ్మని అడిగితే ఇప్పపూలు రాలేటప్పుడు పుట్టినవు అంటది. బడిలో చేర్చిన సారు జూన్ అని వ్రాశారు. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే పుట్టాము, లడ్డూలు కొనేవాళ్ళు ఉంటే బాగుండు. పదో తరగతిలో మన పేర్లు బోర్డుకు పంపుతారు. మెమోలో ఏది పడితే అదే తరువాత అన్ని చోట్లా అడుగుతారు. మెమో వచ్చాక మార్చాలంటే కాగితాలు హైదరాబాదు దాకా నడవాలి. కనుక ఆధార్, కులపత్రం, బడి రిజిస్టరు ఒకటిగా ఉన్నవో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

మన దగ్గర ఇంకొక చిక్కు ఉన్నది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊరు ఒక రాష్ట్రంలో, చదివే బడి ఇంకో రాష్ట్రంలో ఉన్న పిల్లలున్నారు. సీటు ఇచ్చేటప్పుడు స్థానికులా కాదా అని అడుగుతారు గనుక ఏ తరగతి ఏ బడిలో చదివామో స్టడీ సర్టిఫికెట్లు దాచుకోవలెను. ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన గుత్తికోయ పిల్లలకైతే ఇక్కడ కులపత్రమే రాదు. వాళ్ళు కూడా మన అడవిలోనే ఉంటున్నారు, ఇది నాకు న్యాయముగా అనిపించదు.

తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుండి దోస్త్ అనే పద్ధతిలో ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. దానికి ఆధార్‌కి కలిపిన ఫోన్ నంబరు కావాలి, దానికే ఓటీపీ వస్తది. మా నాయన నంబరు ఇప్పటికి మూడుసార్లు మారింది. రీచార్జి లేక పోయిన నంబరు ఆధార్‌లో ఉంటే ఆ ఓటీపీ ఎక్కడికి పోతదో ఎవరికి తెలుసు.

ఇక అక్కలు తిరిగి వచ్చిన సంగతి. అక్క ఇట్లా చెప్పింది: "చెల్లే, అక్కడ బెల్లు ఉండదే. లేపేటోళ్ళు లేరు, తిన్నవా అని అడిగేటోళ్ళు లేరు. సారు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతడు, బోర్డు మీద రాయడు. నేను కోయలో ఆలోచించి, తెలుగులోకి తెచ్చుకుని, ఇంగ్లీషు ఎతుక్కునేలోపల గంట అయిపోతది." స్కాలర్‌షిప్ కూడా చేరగానే చేతికి రాదంట. మొదటి నెలల్లో సబ్బుకు, బస్సుకు పైసలు లేకనే ఒక అక్క వచ్చేసింది, సిగ్గుపడి ఎవరితోనూ చెప్పలేదు. ఎవరైనా ఏడిపిస్తే ర్యాగింగ్ మీద 1997 నుండి చట్టం ఉన్నది. 1800-180-5522 నంబరుకు ఉచితముగా ఫోన్ చేయవచ్చును.

నేను, నా పక్క మంచం అమ్మాయి రెండు పనులు మొదలుపెట్టాము. మన పుస్తకాలలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్నది కదా, తెలుగు పక్కను అట్టతో మూసి రోజుకు ఒక పేజీ చదువుతున్నాము. సోషల్ పీరియడులో సారు చెప్తుండగానే బోర్డు చూడకుండా సొంతగా నోట్సు వ్రాస్తున్నాము. మొదటి వారం మా వ్రాత మాకే అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం నయం.

వార్డెన్ గారికి ఒక మనవి. హెచ్.ఎం. గారితో చెప్పి ఒక ఆదివారం మా తొమ్మిదో తరగతి వారికి అడ్మిషన్ రిజిస్టరు చూపించగలరు. మేము ఆధార్ జిరాక్సులు పట్టుకుని వరుసలో కూర్చుంటాము. మా క్లాసులోనే నలుగురి పేర్లు ఆధార్‌లో ఒకటి, ఇక్కడ ఒకటి ఉన్నవి.